సముద్రానికి అరవైమూడు సామాన్లు

పిల్లలూ! మీలో సముద్రం చూసినవారు ఎంతమంది? విశాఖపట్నంలోనో, మచిలీపట్నంలోనో ఉండేవాళ్ళకు ఇది వింత ప్రశ్నగానే తోస్తుంది. వాళ్ళు సాయంకాలం చొక్కా మార్చుకుని, చేతులు ఊపుకుంటూ పోయి, అలల్లో కాళ్ళు తడుపుకుని ఇంటికి వస్తారు. కాని ఆత్మకూరు పిల్లలకు సముద్రమంటే అట్లా కాదు.

ఆత్మకూరు పేరుగల ఊళ్ళు తెలుగునాట చాలా ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి, వనపర్తి జిల్లాలో ఒకటి. నేను చెప్పేది సూర్యాపేట ఆత్మకూరు. మిగతావాటితో కలిసిపోకుండా దీని పేరు పక్కన (ఎస్) అని రాస్తారు. మా అక్కయ్యను ఇచ్చినది ఆ ఊరే. అక్కడినుంచి సముద్రం చూడాలంటే సూర్యాపేట, కోదాడ, విజయవాడ, గుంటూరు, బాపట్ల దాటి సూర్యలంక చేరాలి. రెండువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం.

పోయిన కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం చెయ్యాలని అక్కయ్యవాళ్ళు బయలుదేరారు. ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళూ కలిసి పదకొండుమందిమి. నేను ముందురోజే ఆత్మకూరు చేరుకున్నాను.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందర అరుగంతా సామాన్లతో నిండి ఉన్నది. నాలుగు చాపలు, రెండు జంపఖానాలు, ఒక తార్పాలు, దాన్ని నిలబెట్టటానికి ఆరు వెదురు గుంజలు, మూడు గొడుగులు, పులిహోర గిన్నె, దద్దోజనం గిన్నె, సకినాల డబ్బా, గరిటెలు, గ్లాసులు, నీళ్ళ సీసాలు ఒక డజను, గ్యాసుపొయ్యి, మడత కుర్చీలు, పాటల పెట్టె, బంతి, క్రికెట్ బ్యాటు, లారీ టైరుదొక పెద్ద నల్లటి ట్యూబు. దానిలో మా మేనల్లుడు అప్పటికే గాలి నింపించి పెట్టాడు. వాడికి పన్నెండేళ్ళు. ఆ ట్యూబుతోనే వ్యవసాయ బావిలో ఈత నేర్చాడు.

"అక్కా, మనం కాపురం మారుస్తున్నామా, స్నానానికి పోతున్నామా?" అన్నాను.

"నీకేం తమ్మీ, అట్లనే అంటవు. ఎన్నడన్న ఒకసారి పోతం. ఆడికి పోయినంక అది లేదు ఇది లేదంటే ఏడ దొరుకుతయి?" అన్నది అక్కయ్య.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఏడాదికొక్కసారి కూడా చూడని చోటికి పోయేటప్పుడు మనిషికి ధైర్యం చాలదు. ఆ ధైర్యం చాలనిచోటల్లా ఒక సామాను వచ్చి చేరుతుంది. సముద్రపక్కన ఉండేవాడు ఉత్తచేతులతో వెళ్ళటానికీ, మనం మూటలతో వెళ్ళటానికీ ఇదే కారణం.

మా మేనకోడలు ఎనిమిదో తరగతి చదువుతున్నది. లెక్కలంటే దానికి ప్రాణం. నోటుపుస్తకం తీసి, తినే వస్తువులు వదిలేసి, తిరిగి ఇంటికి రావలసిన వస్తువులన్నీ వరసగా రాసింది. మొత్తం అరవైమూడు వచ్చాయి.

అందరికన్నా తక్కువ సామాను నాయనమ్మది. ఒక రాగి చెంబు, ఉతికిన చీర ఒకటి, దీపానికి అరటి దొప్ప. ఆవిడ వాటిని ఒక గుడ్డసంచిలో పెట్టుకుని, పొద్దుననుంచీ అరుగు చివర ప్రశాంతంగా కూర్చుని, ఈ హడావిడి అంతా చూస్తున్నది.

రాత్రి పదిగంటలకు వ్యాను కదిలింది. తెల్లవారుఝామున ఇంకా చీకటి ఉండగానే సూర్యలంక చేరాం. బాపట్లనుంచి అక్కడికి సుమారు తొమ్మిది కిలోమీటర్లు. దారి చివర సరుగుడు తోటలు, అవతల నుంచి హోరుమని చప్పుడు. మా చిన్న మేనల్లుడికి ఆరేళ్ళు. వాడు నిద్రకళ్ళతోనే, "మామయ్యా, గంత పెద్ద లారీ ఏడికి పోతున్నది?" అని అడిగాడు. అది సముద్రమని చెబితే వాడు చాలాసేపు నమ్మలేదు.

వ్యాను ఆగిన చోటునుంచి నీళ్ళదాకా ఇసుకలో నడవాలి. పొడి ఇసుకలో నడక ఎట్లా ఉంటుందో మీకు తెలుసా? అడుగు వేస్తే పాదం కిందికి దిగిపోతుంది. గట్టి రోడ్డుమీద మన బలమంతా ముందుకు నెట్టటానికి పనికివస్తుంది. ఇసుకలో అందులో చాలా భాగం ఇసుకను పక్కకు తొయ్యటానికే ఖర్చయిపోతుంది. ఉత్తచేతులతో నడిచినా ఆయాసం వస్తుంది. ఇక గ్యాసుపొయ్యి మోసినవారి సంగతి చెప్పేదేమిటి? అరవైమూడు సామాన్లనూ మోసి చేర్చేసరికి మగవాళ్ళు ముగ్గురూ చాపలమీద పడిపోయారు. సూర్యోదయం చూడాలని అంతదూరం వచ్చి, దాన్ని సగమే చూశారు.

ఇందుకు మనల్ని మనమే ఎగతాళి చేసుకోనక్కరలేదు. సముద్రపుటొడ్డుకు సామాను మోసేవాళ్ళలో మనకన్నా ఘనులున్నారు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండువాళ్ళు స్నానానికి ఏకంగా చక్రాలమీద చెక్కగది తీసుకుపోయేవారు. గదిలో కూర్చుని బట్టలు మార్చుకుంటుంటే గుర్రం దాన్ని నీళ్ళలోకి లాక్కుపోయేది. అటుపక్క తలుపు తీసుకుని ఎవరికంటా పడకుండా నీళ్ళలోకి దిగేవారు. 1789లో మూడవ జార్జి రాజు వేమౌత్ అనే ఊళ్ళో ఇట్లా స్నానానికి దిగినప్పుడు, పక్కనే ఇంకొక బండిలో వాద్యగాళ్ళను కూర్చోబెట్టి, రాజు మునగగానే రాజగీతం వాయించారు! విక్టోరియా రాణికి కూడా అటువంటి బండి ఒకటి ఉండేది. ఆమె పోయాక కొంతకాలం దాన్ని కోళ్ళగూడుగా వాడుకున్నారు. తరువాత బాగుచేసి ఆమె స్నానం చేసిన తీరానే నిలబెట్టారు.

జర్మనీలో ఇంకొక తమాషా జరిగింది. 1882లో రోస్టాక్ అనే ఊళ్ళో, కీళ్ళనొప్పులున్న ఒకావిడ తనకు గాలి తగలకుండా సముద్రం దగ్గర కూర్చునేందుకు ఏదైనా తయారుచేసి ఇమ్మని బుట్టలల్లే విల్‌హెల్మ్ బార్టెల్మన్‌ను అడిగింది. అతను వెనకా, పక్కలా, పైనా కప్పు ఉన్న బుట్టకుర్చీ అల్లి ఇచ్చాడు. మరుసటేడు అతని భార్య అటువంటి కుర్చీలను ఒడ్డుననే అద్దెకివ్వటం మొదలుపెట్టింది. ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకోనక్కరలేకపోయింది! నేటికీ ఆ దేశపు తీరాల్లో ఆ బుట్టకుర్చీలు బారులు తీరి ఉంటాయి.

మళ్ళీ సూర్యలంకకు వద్దాం. మేము చేరినప్పుడు నీళ్ళు బాగా వెనక్కు ఉన్నాయి. తడి ఇసుక గట్టిగా, చల్లగా ఉన్నది గనక చాపలన్నీ అక్కడే పరిచారు. నాయనమ్మ మటుకు, "ఇక్కడొద్దు బిడ్డా, పైకి పోదాం" అన్నది. ఆవిడ చూపించిన చోట, మా వెనక చాలా దూరాన, ఇసుకమీద ఎండిన నాచూ, పుల్లలూ, గవ్వలూ ఒక గీతలాగా పడి ఉన్నాయి. ఆవిడ మాట ఎవరూ వినిపించుకోలేదు.

ఆ గీత ఏమిటంటే, అంతకుముందు పోటు వచ్చినప్పుడు సముద్రం అంతదాకా వచ్చి, తెచ్చిన చెత్త అక్కడ వదిలిపోయిందన్నమాట. సముద్రం రోజుకు రెండుసార్లు పైకి వస్తుంది, రెండుసార్లు వెనక్కు పోతుంది. పైకి వస్తే పోటు, వెనక్కు పోతే పాటు. పాటునుంచి పోటుకు సుమారు ఆరుగంటల పన్నెండు నిమిషాలు పడుతుంది. ఇది ముఖ్యంగా చంద్రుడి ఆకర్షణవల్ల జరిగే పని. సూర్యుడు కూడా కొంత లాగుతాడు. పౌర్ణమికీ, అమావాస్యకూ సూర్యుడూ, చంద్రుడూ, భూమీ ఒకే వరసలోకి వస్తాయి. అప్పుడు ఇద్దరి లాగుడూ కలిసి పోటు మామూలుకన్నా పైకి వస్తుంది. మనం సముద్రస్నానానికి ఎంచుకునే రోజు ఏది? సరిగ్గా పౌర్ణమే! నాయనమ్మకు ఆకర్షణ సిద్ధాంతం తెలియదు. నాచు ఎక్కడ ఉన్నదో మటుకు ఆవిడ చూసింది.

తూరుపు తెల్లబడింది. నాయనమ్మ అరటి దొప్పలో వత్తి వెలిగించి నీళ్ళలో వదిలింది. చుట్టుపక్కల వందలకొద్దీ దీపాలు. కొన్ని ఆకుదొప్పల్లో, కొన్ని అరటి దొప్పల్లో. థర్మాకోలు గిన్నెల్లో వెలిగించినవీ చాలా ఉన్నాయి. దీపాలన్నీ ఒక్కలాగే మెరిశాయి. ఆరిపోయిన తరువాతే తేడా. అరటి దొప్ప కొద్దిరోజుల్లో కుళ్ళి నీళ్ళలో కలిసిపోతుంది. థర్మాకోలు కుళ్ళదు, పొడిపొడిగా విరిగి, తెల్లని పూసలై తేలుతూనే ఉంటుంది. చేపలు వాటిని గుడ్లనుకుని మింగుతాయి.

ఇంతలో మా పెద్ద మేనల్లుడు ట్యూబు తీసుకుని నీళ్ళలోకి పరిగెత్తాడు. నేనూ బావా గుంజలు పాతుతున్నాం. ఇది చెబుతుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అల ఒకటి వచ్చి ట్యూబును వాడి చేతుల్లోంచి ఊడబెరికింది. అది నాలుగు బారల దూరంలో తేలుతున్నది. అంతే గదా అని వాడు దానికోసం వెళ్ళాడు. అది ఇంకో రెండు బారలు జరిగింది. వాడూ జరిగాడు. నీళ్ళు మోకాళ్ళ నుంచి నడుముకూ, నడుమునుంచి రొమ్ముకూ వచ్చాయి.

ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక పెద్దమనిషి చేతిలో తాడు పారేసి నీళ్ళలోకి దూకాడు. "బాబూ, దాని కోసం ఎల్లమాక!" అని కేకవేస్తూ పోయి, వాడి జబ్బ పట్టుకుని, నేరుగా ఒడ్డుకు కాకుండా పక్కగా కొంతదూరం నడిపించి, తరువాత బయటికి తెచ్చాడు. మేము పరిగెత్తి వెళ్ళేసరికి వాడు వణుకుతూ నిలబడి ఉన్నాడు. ట్యూబు పావుగంటలో నల్లని చుక్క అయింది. తరువాత అదీ కనిపించలేదు.

ఆయన మమ్మల్ని తిట్టలేదు. ఇసుకలో కూర్చుని వాడికి రెండు సంగతులు చెప్పాడు.

మొదటిది గాలి సంగతి. నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. పగలు నేలమీది గాలి వేడెక్కి పైకి లేస్తే, దాని చోటులోకి సముద్రం మీదినుంచి చల్లగాలి వస్తుంది. రాత్రి ఇది తలకిందులవుతుంది. తెల్లవారేవేళ గాలి నేలమీదినుంచి సముద్రం మీదికి వీస్తుంది. జాలరులు పూర్వం తెరచాపలు ఎత్తి వేటకు పోయినది ఈ గాలితోనే, మధ్యాహ్నం సముద్రపు గాలితో తిరిగి వచ్చేవారు. గాలి నింపిన ట్యూబు కూడా తెరచాప వంటిదే. అది నీళ్ళలోకి దిగదు. పైనే ఉండి గాలి ఎటు పొమ్మంటే అటు పోతుంది. బావిలో దానికి గోడ అడ్డం. సముద్రంలో అడ్డమేముంది?

రెండవది నీటి సంగతి. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి గదా! అది అడుగున ఉన్న ఇసుకతిన్నెల మధ్య పల్లం చూసుకుని, ఒక వాగులాగా, ఒక్కచోటునుంచి జోరుగా వెనక్కు పోతుంది. దాని జోరు ఒక్కొక్కప్పుడు సెకనుకు రెండు మీటర్లకు మించి ఉంటుంది. ఒలింపిక్ పందెంలో ఈదేవాడైనా దానికి ఎదురీది గెలవటం కష్టం. ఇందులో మోసమేమిటంటే, ఆ చోట అలలు తక్కువగా విరుగుతాయి. అటూ ఇటూ తెల్లని నురగ ఉండి, మధ్యన నీరు నున్నగా, నిమ్మళంగా కనిపిస్తుంది. తెలియనివాళ్ళు "ఇక్కడ బాగున్నది" అని సరిగ్గా అక్కడే దిగుతారు. మావాడు దిగినదీ అక్కడే.

అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు. అలిసిపోయి మునిగేది అట్లాగే. ఆ వాగు వెడల్పు సామాన్యంగా తక్కువే గనక, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగితే దాన్నుంచి బయటపడతాం. జరగలేకపోతే తేలుతూ ఉండి, చెయ్యి పైకెత్తి కేకవెయ్యాలి. అన్నిటికన్నా ముందు చెయ్యవలసిన పని ఒకటున్నది. నీళ్ళలోకి దిగకముందే అక్కడివారిని, "ఇక్కడ దిగవచ్చునా?" అని అడగాలి. మేము అరవైమూడు సామాన్లు తెచ్చాంగాని ఈ ఒక్క ప్రశ్నా తీసుకురాలేదు. ఈ తీరాల్లో స్నానానికి దిగి మునిగిపోయినవారి వార్తలు పత్రికల్లో తరచూ వస్తూనే ఉంటాయి. వాళ్ళలో చాలామంది మావాడిలాగా బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చినవాళ్ళే.

ఆ పెద్దాయన సర్దుకుంటున్న వల మీదుగానే మేము సామాన్లు మోసుకుపోయామని మాకు అప్పుడు తెలిసింది! వల ఇసుకలో పరిచి ఉంటే తెలియనివాడికి అది పారేసిన దారపు కుప్పలాగా కనిపిస్తుంది. చెప్పులతో తొక్కితే కన్నులు తెగుతాయి. తెగినదాన్ని మళ్ళీ అల్లటానికి పూటలకు పూటలు పడుతుంది. ఒడ్డునుంచి పదిమంది కలిసి లాగే పెద్ద వలను అలివి వల అంటారు. అది లాగుతున్నప్పుడు తాడుకు అడ్డం పోకూడదు, మధ్యన స్నానాలు చెయ్యకూడదు. పడవ నీడ బాగున్నదని దాని పక్కన చాప వేస్తే, పడవ తొయ్యవలసినవాళ్ళు మనం లేచేదాకా నిలబడాలి. మనకు అది ఆటస్థలం. వాళ్ళకు అది ఆత్మకూరులో మన పొలం గట్టువంటిది. మన పొలంలో ఎవరో బస్సుదిగి వచ్చి, చాపలు పరిచి, పాటల పెట్టె పెడితే మనమెట్లా చూస్తామో తలుచుకుంటే చాలు.

పాటల పెట్టె అనగానే జ్ఞాపకం వచ్చింది. మా పెట్టె, మా కుడిపక్క వాళ్ళ పెట్టె, ఎడమపక్క వాళ్ళ పెట్టె మూడూ ఒకేసారి మూడు పాటలు పాడుతుంటే, ఎవరి పాట వాళ్ళకు వినపడక ముగ్గురమూ చప్పుడు పెంచాం. చివరకు నాయనమ్మ, "సముద్రం చప్పుడు ఇందామని గింత దూరమొస్తే..." అని ఊరుకున్నది. మేనకోడలు లేచిపోయి మా పెట్టె కట్టేసింది. కొంతసేపటికి ఎడమపక్క వాళ్ళూ కట్టేశారు. కుడిపక్క వాళ్ళు మటుకు కట్టెయ్యలేదు. అన్ని కథల్లోలాగా అందరూ మారిపోతారనుకోకండి.

పదిగంటలు దాటాక గాలి తిరిగింది. ఇప్పుడు సముద్రంనుంచి నేలకు. తార్పాలు మొదట బూరెలాగా ఉబ్బింది. తరువాత ఇసుకలోంచి గుంజలను ఊడపీకి, పులిహోర తింటున్న పక్కింటివాళ్ళ నెత్తిన పడింది. ఒక గొడుగు తిరగబడింది. ఇంకో సంగతేమంటే, తువ్వాళ్ళు దులిపేటప్పుడు గాలి ఎటు వీస్తున్నదో చూసుకోవాలి. మేము చూసుకోలేదు. ఆనాడు మా వెనక కూర్చున్నవాళ్ళు తిన్న దద్దోజనంలో సగం మా ఇసుకే.

ఈ గొడవలో ఉండగానే పోటు వచ్చింది. ముందు ఒక అల చాప అంచును నాకి పోయింది. అందరూ నవ్వారు. దాని తరువాత వచ్చినది నవ్వనివ్వలేదు. జంపఖానాలు తడిసి రాయిలాగా బరువెక్కాయి. చెప్పులూ, సీసాలూ పడవల్లాగా తేలిపోయాయి. అందరం కలిసి సామానంతా పైకి, నాచుగీత అవతలికి మోశాం. పొద్దున నాయనమ్మ చూపించిన చోటికే.

సాయంకాలం ఇంటికి చేరగానే మేనకోడలు నోటుపుస్తకం తీసింది. పోయినవి అరవైమూడు, వచ్చినవి యాభైరెండు. రానివి పదకొండు: ట్యూబు ఒకటి, నీళ్ళ సీసాలు అయిదు, బంతి, గరిటె, తువ్వాలు, ప్లాస్టిక్ గ్లాసు, ఒక జత చెప్పులు. ఆ జతలో ఎడమకాలిది దొరికిందిగాని, దాన్ని ఏ లెక్కలో రాయాలో దానికి తోచలేదు.

"పోతే పోయినయిలే, ఎంతటివి!" అన్నది అక్కయ్య.

"పోలేదమ్మా, అక్కడే ఉన్నయి" అన్నది మేనకోడలు.

ఆ పిల్ల అన్నది నిజం. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరాన కొందరు కలిసి చెత్త ఏరుతూ, ఏరిన ప్రతి వస్తువునూ మా మేనకోడలిలాగే కాగితంమీద రాసిపెట్టారు. ఇప్పుడు ఆ పని ప్రతి సెప్టెంబరులోనూ ఎన్నో దేశాల్లో జరుగుతుంది. చాలా ఏళ్ళపాటు ఆ పట్టికల్లో మొదట నిలిచినది పెద్ద వస్తువేదీ కాదు, సిగరెట్టు పీక! సీసాలు, మూతలు, తినుబండారాల కాగితాలు దాని వెనకే ఉంటూ వచ్చాయి. మన దేశంలో 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కంచాలు, గ్లాసులు, చెంచాలు, పీల్చే గొట్టాలవంటివి అమ్మకూడదని చట్టం వచ్చింది. అయినా ఆనాడు ఒడ్డున అవి కాలికి తగులుతూనే ఉన్నాయి. మోదుగాకు ఇస్తర్లు సూర్యాపేట అంగడిలో ఇప్పటికీ దొరుకుతాయి. నాకు తెలిసి సముద్రానికి తీసుకుపోదగిన కంచం అంతకన్నా మంచిది లేదు.

చెత్త వేసేందుకు సముద్రందాకా పోనక్కరలేదు కూడా. సూర్యాపేట ప్రాంతపు వాననీరు మూసీలోకో, పాలేరులోకో చేరుతుంది. ఆ రెండూ పోయి కలిసేది కృష్ణలోనే. మూసీ వాడపల్లి దగ్గర కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆత్మకూరు కాలవలో పడిన సీసామూతకు వ్యాను అక్కరలేదు. దారిలో ఏ ఆనకట్టా ఆపకపోతే అది మనకన్నా ముందే సముద్రం చూస్తుంది.

ఆ రాత్రి ఇంకొక సంగతి బయటపడింది. చిన్నవాడు ఒడ్డున ఏరిన శంఖం ఒకటి లాగు జేబులో పెట్టుకుని తెచ్చాడు. దాన్ని కిటికీలో పెట్టి పడుకున్నాం. అర్ధరాత్రి టకటకమని చప్పుడైతే లేచి దీపం వేశాం. శంఖం నడుస్తున్నది! దానిలో ఒక చిన్న పీత ఉన్నది. ఈ జాతి పీతకు వెనకభాగం మెత్తగా ఉంటుంది, పైన పెంకు ఉండదు. అందుకని నత్తలు వదిలిన ఖాళీ శంఖాల్లో దూరి కాపురముంటుంది. పెరిగినకొద్దీ పెద్ద శంఖం వెతుక్కుని ఇల్లు మారుస్తుంది. మనం ఒడ్డున శంఖాలన్నీ ఏరి తెచ్చేస్తే దానికి మారేందుకు ఇల్లుండదు.

చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు. మేనకోడలు వంటింట్లోకి పోయి, లీటరు నీళ్ళలో ముప్పైఅయిదు గ్రాముల ఉప్పు తూచి కలిపింది. సముద్రపు నీళ్ళలో ఉప్పు ఇంచుమించు అంతే ఉంటుందని బళ్ళో చెప్పారట. లెక్క సరిగ్గానే ఉన్నదిగాని, సముద్రంలో ఉన్నది వంట ఉప్పు ఒక్కటే కాదు. ఇంకా ఎన్నో లవణాలున్నాయి, అలలు కలిపే గాలి ఉన్నది, ఆ పీత తినే తిండి ఉన్నది. మూడో రోజు పొద్దుటికి అది కదలటం మానేసింది. పీతను పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టారు. శంఖాన్ని కడిగి గూట్లో పెట్టారు. చిన్నవాడు దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు.

నాయనమ్మ మాఘపౌర్ణమికి కూడా స్నానానికి పోవాలన్నది. ఈసారి మేము అయిదుగురమే: నాయనమ్మ, పిల్లలు ముగ్గురు, నేను. మేనకోడలు కొత్త పేజీలో పట్టిక రాసింది. చాప ఒకటి, పెద్ద గొడుగు ఒకటి, రాగి చెంబు, తువ్వాళ్ళు, పొడిబట్టల సంచి, సద్ది గిన్నె, నీళ్ళ క్యాను, చెత్తకు ఒక గోనెసంచి, ఇట్లా మొత్తం పదిహేడు. ఒక్క విడతలో అందరం కలిసి మోసేశాం. చాప నాచుగీతకు పైన వేశాం. పెద్దవాడు తిన్నగా వలలవాళ్ళ దగ్గరికి పోయి, "తాతా, ఈ పొద్దు ఏడ దిగొచ్చు?" అని అడిగి వచ్చాడు.

ఆనాడు సూర్యోదయం పూర్తిగా చూశాం. వెలుగు వచ్చాక ఇసుకమీద ఒక వింత కనిపించింది. ట్రాక్టరు టైరు జాడవంటిది నీళ్ళలోంచి పైకి వచ్చి, తీగలు పాకిన ఇసుకదిబ్బ దగ్గర చుట్టు తిరిగి, మళ్ళీ నీళ్ళలోకి పోయింది. "ఇక్కడ ట్రాక్టరు నీళ్ళలో మునిగింది!" అన్నాడు చిన్నవాడు.

అది ట్రాక్టరు కాదు, ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేలు. చలికాలం చివర మన తూర్పుతీరానికి వచ్చి, రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తీసి, నూరుకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతుంది. ఒడిశాలోని గహీర్‌మఠ, రుషికుల్య తీరాలకు ఇవి వేలూ లక్షలుగా వస్తాయి. మన తీరానికి ఒక్కొక్కటిగా వస్తాయి. నలభైఅయిదునుంచి అరవై రోజుల్లో గుడ్లు పొదిగి పిల్లలవుతాయి. ఇసుక బాగా వెచ్చగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, కాస్త చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ! అటవీశాఖవారు చాలాచోట్ల ఈ గుడ్లను కుక్కలూ నక్కలూ తినకుండా తీసి, కంచెవేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతారు. వీటిని పట్టటం, గుడ్లు తియ్యటం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

తాబేలు పిల్ల అరచేతిలో పడుతుంది. రాత్రి గుంటలోంచి బయటికి రాగానే, ఎటు ఎక్కువ వెలుగుంటే అటు పోతుంది. వెనకటి రోజుల్లో ఆ వెలుగు సముద్రం మీద ఆకాశానిదే. ఇప్పుడు ఒడ్డున మనం వేసిన దీపాలు చూసి, అవి రోడ్డువైపు తిరుగుతాయి. మనం సరదాకు తవ్వి వదిలేసిన గొయ్యిలో పడితే ఎక్కిరాలేవు. మనం వదిలేసిన చాపలూ, తాళ్ళూ దానికి కొండలు. పెద్ద తాబేలు తేలుతున్న ప్లాస్టిక్ సంచిని చూసి, తాను తినే జెల్లీఫిష్ అనుకుని మింగుతుంది.

పెద్దవాడు అంతకుముందే తవ్విన కోట కందకం ఒకటి ఉన్నది. వాడు ఎవరూ చెప్పకుండానే పోయి దాన్ని కాళ్ళతో పూడ్చి వచ్చాడు.

మధ్యాహ్నం గాలి తిరగకముందే బయలుదేరాం. వ్యాను దగ్గర మేనకోడలు లెక్క చూసుకున్నది. పదహారే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది, పదహారే. చాప, గొడుగు, చెంబు అన్నీ ఉన్నాయి. అది పట్టికమీద వేలు పెట్టి కిందికి వచ్చి, చివరిదాని దగ్గర ఆగి తమ్ముడివైపు చూసింది.

పదిహేడవది శంఖం. దాన్ని వాడు పొద్దున్నే నీటి అంచున, నాచు పక్కన, నోరు సముద్రంవైపు ఉండేటట్టు పెట్టి వచ్చాడు.